మైకేల్ జాక్సన్ బూట్లకి పేటెంట్ ఎందుకు? పాప్ స్టార్ల స్టేజీ దుస్తుల లోపలి సంగతులు

1993 అక్టోబరు 26న అమెరికా పేటెంట్ ఆఫీసు 5,255,452 నంబరుతో ఒక పేటెంట్ మంజూరు చేసింది. దాన్ని కనిపెట్టినవాళ్ళుగా మూడు పేర్లున్నాయి. మొదటి పేరు మైకేల్ జె. జాక్సన్. తక్కినవి మైకేల్ బుష్, డెనిస్ టాంప్‌కిన్స్. ఈ ఇద్దరూ జాక్సన్‌కి ఏళ్ళ తరబడి బట్టలు కుట్టినవాళ్ళు. పేటెంట్ వచ్చింది ఒక జత బూట్లకి, వాటితో కలిసి పనిచేసేలా స్టేజీ నేలలో అమర్చే ఒక మేకుకి.

'స్మూత్ క్రిమినల్' పాట చూసినవాళ్ళకి ఆ భంగిమ గుర్తుండే ఉంటుంది. తెల్ల సూటు, తెల్ల టోపీలో జాక్సన్, పక్కనే డ్యాన్సర్లు. మోకాలు వంచరు, నడుము వంచరు. ఒళ్ళంతా నిటారుగా ఉంచి ముందుకి 45 డిగ్రీలదాకా ఒరుగుతారు. పడిపోరు. అలాగే వెనక్కి లేస్తారు. 1988లో వచ్చిన వీడియో కోసం దీన్ని ఒంటికి కట్టిన పట్టీలు, తీగల సాయంతో తీశారు. కెమెరా ముందు అది కుదురుతుంది, షాట్ ఆపి తీగలు తగిలించుకోవచ్చు, తీసెయ్యొచ్చు. వేలమంది ఎదుట, పాట మధ్యలో, ఎవరో స్టేజీ మీదకొచ్చి తీగలు కడుతుంటే ఇంక ఆ మాయకి అర్థమేముంది?

అందుకని పరిష్కారాన్ని బట్టల్లో వెతికారు. ఆ బూటు మడమ అడుగున ఒక గాడి కోశారు. గాడి ఒక వైపు వెడల్పుగా ఉంటుంది, పోను పోను సన్నబడుతుంది. సరైన క్షణంలో స్టేజీ నేల కింద నుంచి వెడల్పాటి తల ఉన్న మేకు పైకొస్తుంది. డ్యాన్సర్ పాదాన్ని కొద్దిగా ముందుకి జరిపితే చాలు, గాడిలో సన్నటి భాగం మేకు తల కింద ఇరుక్కుంటుంది. మడమ నేలకి బిగిసిపోతుంది. బూటు చీలమండ పైదాకా ఉండి కాలిని గట్టిగా పట్టుకుంటుంది. లేచాక పాదాన్ని వెనక్కి జరుపుకుంటే బూటు విడిపోతుంది, మేకు కిందికి పోతుంది. 1992 జూన్ 27న మ్యూనిక్‌లో జాక్సన్ 'డేంజరస్' టూర్ మొదలైంది. పేటెంట్ దరఖాస్తు మీదున్న తేదీ జూన్ 29.

ఈ బూట్లని మన దేశపు డాక్టర్లు కూడా పట్టించుకున్నారు. చండీగఢ్ పీజీఐఎంఈఆర్ వైద్య సంస్థకి చెందిన న్యూరోసర్జన్లు ముగ్గురు 2018లో ఒక వెన్నెముక వైద్య పత్రికలో దీని మీద వ్యాసం రాశారు. మామూలుగా మనం ముందుకి వంగినప్పుడు వీపు కండరాలు వెన్నెముకని పట్టి ఉంచుతాయి. ఒళ్ళు నిటారుగా ఉంచి చీలమండ దగ్గర మాత్రమే ఒరిగితే ఆ బరువంతా పిక్కల మీద, మడమ వెనకాల స్నాయువు మీద పడుతుంది. బాగా సాధన చేసిన డ్యాన్సర్లు కూడా ఇలా 25, 30 డిగ్రీలు దాటలేరని వాళ్ళు రాశారు. మిగతాది బూటు చేసే పని. అలాగని బూటు తొడుక్కున్న ప్రతివాళ్ళూ ఒరగలేరు. కాళ్ళలో, నడుములో అంత బలం లేకపోతే ఒళ్ళు మధ్యలోనే వంగిపోతుంది.

స్టేజీ దుస్తుల గురించి మాట్లాడాలంటే నేను ఈ బూట్ల దగ్గరే మొదలుపెడతాను. పాప్ స్టార్ల బట్టల మీద పత్రికల్లో వచ్చేదంతా ఎవరు డిజైన్ చేశారు, ఎంత ఖరీదు, ఎన్ని రాళ్ళు పొదిగారు అన్న వరసలోనే ఉంటుంది. అవార్డుల రాత్రి రెడ్ కార్పెట్ మీద వేసుకునే గౌనుకి ఆ ప్రశ్నలు సరిపోతాయి. అది ఒక పూట, ఫొటోలకి నిలబడితే చాలు. స్టేజీ మీద వేసుకునేది పనిముట్టు. దాన్ని ఆఖరి వరుసలో కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసి తయారుచేస్తారు. ఆ మనిషికి ఏం కనపడాలి, దానికోసం వేసుకున్న మనిషి ఏం చెయ్యగలగాలి, ఆ బట్ట ఎన్ని రాత్రులు తట్టుకోవాలి. డిజైనంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది.

ముందు కనపడడం సంగతి. 1983 మార్చి 25న కాలిఫోర్నియాలోని పసదేనాలో మోటౌన్ రికార్డు కంపెనీ 25 ఏళ్ళ వేడుకని రికార్డు చేశారు. మే 16న టీవీలో వచ్చింది. జాక్సన్ మూన్‌వాక్‌ని జనం మొదటిసారి చూసింది అందులోనే. ఆ రోజు అతని ప్యాంటు చీలమండల పైకే ఉంది, కింద మెరిసే తెల్ల సాక్సు, నల్ల బూట్లు. ఇదేదో ఫ్యాషన్ అనుకుంటాం కానీ, అక్కడ జరుగుతున్నదంతా పాదాల్లో. ఒక మడమ లేస్తుంది, రెండోది నేల మీద చదునుగా వెనక్కి జారుతుంది. నల్ల ప్యాంటు బూటు మీదకి దిగితే దూరంగా ఉన్నవాళ్ళకి నల్లటి ముద్ద తప్ప ఏమీ తెలియదు. చీలమండ దగ్గర తెల్లటి మెరుపు ఉంటేనే పాదం ఎటు పోతోందో కంటికి అందుతుంది. ఒంటి చేతి గ్లవ్ కూడా అంతే. బిల్ విటెన్ అనే డిజైనర్ దగ్గర తయారైన ఆ రాళ్ళ గ్లవ్ వల్ల చెయ్యి ఎక్కడుందో హాలు చివరిదాకా తెలుస్తుంది. రెండు చేతులకీ వేసుంటే చూపు రెండుగా చీలేది. తర్వాతి రోజుల్లో వేళ్ళ చివర్లకి చుట్టుకున్న తెల్ల టేపు వెనక కూడా నాకు ఇదే ఆలోచన కనిపిస్తుంది.

మన కూచిపూడి డ్రెస్సులో రెండు కాళ్ళ మధ్య విసనకర్రలా కుట్టే కుచ్చిళ్ళని తలుచుకోండి. అరమండిలో కూర్చోగానే అవి విచ్చుకుని, మోకాళ్ళు ఎంత దూరం జరిగాయో చివరి బెంచీకి కూడా చెబుతాయి. పాప్ స్టార్ల డిజైనర్లు చేసేదీ ఆ పనే, వెలుగుతో.

వెలుగు అనగానే రాళ్ళు, చమ్కీలు గుర్తొస్తాయి. మూడు రకాల మెరుపుకి మూడు రకాల పనులున్నాయి. చమ్కీ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అద్దం ముక్కలా ఒక కోణంలోనే తళుక్కుమని ఆరిపోతుంది. ఒంటి నిండా ఉంటే మనిషి కదిలినప్పుడల్లా ఆ తళుకు అల అలగా పాకుతుంది. సానపట్టిన గాజు రాయికి అనేక ముఖాలుంటాయి, వెనక వెండి పూత ఉంటుంది. అందువల్ల ఏ దిక్కునుంచి లైటు పడినా ఎటో ఒక వైపు తిప్పి కొడుతుంది. ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో 1895లో మొదలైన స్వరోవ్‌స్కీ కంపెనీ మిషన్ మీద రాళ్ళు సానపట్టడంతో ఇది వేల లెక్కలో దొరికే సరుకైంది. మూడోది వేలాడే అంచులు, పూసల కుచ్చులు. వీటి మెరుపు కంటే ఊపు ముఖ్యం. మనిషి ఆగిపోయినా ఇవి ఇంకో క్షణం ఊగుతాయి, కదలికని పొడిగించి చూపిస్తాయి. టీనా టర్నర్ స్టేజీ మీద ఒక్క క్షణం నిలబడేది కాదు. ఆమెకి డిజైనర్ బాబ్ మాకీ కుచ్చుల గౌన్లు ఇచ్చాడంటే అది మనిషిని చూసి తీసుకున్న నిర్ణయం.

ఇప్పుడు చిక్కు పెరిగింది. స్టేడియంలో స్టేజీ వెనక పెద్ద తెరలు వచ్చాయి. ఆఖరి వరుస మనిషి కూడా గాయని ముఖాన్ని ముప్పై అడుగుల ఎత్తున చూస్తున్నాడు. దూరానికి పనికొచ్చే ముతక పని తెర మీద నాసిగా కనిపిస్తుంది. దగ్గరికి బాగుండే సన్నటి చారల గుడ్డ కెమెరాలో అలలు అలలుగా వణుకుతుంది. నల్లటి వెనక తెర ముందు నల్ల బట్ట కరిగిపోతుంది. కాబట్టి ఒకే డ్రెస్సు నాలుగు వందల అడుగుల దూరానికీ, నాలుగు అడుగుల దూరానికీ జవాబు చెప్పాలి. జాక్సన్ కాలంలో ఆకారం, రంగు సరిపోతే పని అయిపోయేది. ఇప్పుడు కుట్టు కూడా కనపడుతుంది.

ఇక ఒంటి సంగతి. మామూలు కోటు వేసుకుని రెండు చేతులూ పైకెత్తి చూడండి, కోటు మొత్తం పైకి లేస్తుంది. చంక బాగా కిందికి కోసి వదులుగా పెడితే చెయ్యి సులువుగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. చంక ఎంత కిందికుంటే చెయ్యి లేచినప్పుడు పక్క గుడ్డని అంత ఎక్కువ లాగుతుంది. అందుకే స్టేజీ కోట్లకి చంక రౌండు ఒంటికి దగ్గరగా, పైకి కోస్తారు. దాని కింద డైమండ్ ఆకారంలో సాగే గుడ్డ ముక్క వేస్తారు. బయటికి గట్టి సూటులా ఉంటుంది, లోపల కసరత్తు బనియనులా సాగుతుంది. ఎల్విస్ ప్రెస్లీకి డిజైనర్ బిల్ బెలూ 1970ల్లో కుట్టిన పై నుంచి కిందిదాకా ఒకే ముక్క జంప్‌సూట్లు కూడా ఇలాంటి అవసరం తీర్చినవే. ఎల్విస్ స్టేజీ మీద కరాటే భంగిమలు పట్టేవాడు, చొక్కా ప్యాంటులోంచి ఊడొచ్చే గొడవ వీటితో ఉండదు. 1973 జనవరిలో హొనొలులు కచేరీకి వేసుకున్న గద్ద బొమ్మ సూటు, దాని మీద భుజాల నుంచి వేలాడే కేప్ అందరికీ తెలిసినవే. చివర్లో ఆ కేప్‌ని జనంలోకి విసిరేశాడు. మడొన్నా 1990 టూర్‌కి ఫ్రెంచ్ డిజైనర్ జాన్ పాల్ గోటియే చేసిన శంకు ఆకారపు కార్సెట్ (ఛాతీ, నడుము బిగించి కట్టే దుస్తు) మీద కావలసినంత చర్చ జరిగింది. నాకు దాని అర్థం కంటే అలాంటిది బిగించుకుని పాడడంలోని ఇబ్బంది ముందు కనిపిస్తుంది. పాడేవాళ్ళ పక్కటెముకలు విచ్చుకోవాలి, మామూలు కార్సెట్ వాటిని బిగించేస్తుంది. అందుకే పాడేవాళ్ళ కార్సెట్లలో పక్కల ఎలాస్టిక్ ముక్కలు వేస్తారు.

ప్రేక్షకులకి అస్సలు కనపడని సామాను ఇంకొకటుంది. మైకు ట్రాన్స్‌మిటర్ ఒకటి, చెవిలో వినపడే సంగీతం కోసం రిసీవర్ ఒకటి. రెండూ కలిపి అర చేతిలో పట్టనంత. ఒంటిని అంటిపెట్టుకున్న డ్రెస్సులో వీటిని నడుం వెనక దాచాలి, వైర్లు వీపు మీదుగా పైకి పోవాలి, గంతులేస్తే ఊడకూడదు, చెమటకి తడవకూడదు. రబ్బరు తొడుగు వేసి, గుడ్డలోనే చిన్న సంచీ కుడతారు. కొలతలు తీసుకునే రోజునే ఆ సంచీ చోటు తేలకపోతే తర్వాత డ్రెస్సంతా విప్పాల్సొస్తుంది.

చెమట గురించి ఎవరూ రాయరు కానీ డ్రెస్సు బతుకంతా దాని మీదే ఉంటుంది. పూసలు, రాళ్ళు, తోలు కలిసిన దాన్ని వాషింగ్ మిషన్‌లో వెయ్యలేరు, రోజూ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వలేరు. చంకల్లో విప్పి ఉతుక్కునే గుడ్డ ముక్కలు పెడతారు. లైనింగుని విడిగా తీసేలా కుడతారు. నాటకరంగంలో తరాలుగా వాడే చిట్కా ఒకటి పాప్ టూర్లకీ వచ్చింది. వోడ్కాని స్ప్రే బాటిల్లో పోసి బట్ట లోపలి వైపు కొడతారు. అందులోని ఆల్కహాలు, చెమట వాసన పుట్టించే సూక్ష్మజీవుల్ని చంపి ఆవిరైపోతుంది. తెల్లారేసరికి బట్ట సిద్ధం. ఎక్కువగా వాడే డ్రెస్సులకి ఒకటికి రెండు, మూడు జతలు ఉంచుకుంటారు. ఒకటి ఒంటి మీద, ఒకటి రిపేరులో, ఒకటి పెట్టెలో.

టేలర్ స్విఫ్ట్ 'ఎరాస్' టూర్ 2023 మార్చి 17న అరిజోనాలోని గ్లెండేల్‌లో మొదలై 2024 డిసెంబరు 8న వాంకూవర్‌లో ముగిసింది. మొత్తం 149 ప్రదర్శనలు, ఒక్కోటీ మూడు గంటల పైనే. ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో అంకం, అంకం మారితే డ్రెస్సు మారాలి. నల్ల గుడ్డ మీద ఎర్ర పాములు పాకే, ఒకటే కాలున్న సూటు రోబర్టో కవాలీ ఫ్యాషన్ కంపెనీ వాళ్ళది. అది కనపడగానే ఏ ఆల్బమ్ మొదలవుతోందో డెబ్భై వేలమందికి తెలిసిపోతుంది. అలా డ్రెస్సే అధ్యాయం శీర్షిక అవుతుంది. కానీ అది మార్చుకోవడానికి దొరికేది కొద్ది సెకన్లు. వీపున దాచిన పొడవాటి జిప్పు, టిచ్ బటన్లు, అయస్కాంతాలు. ముందు వైపు లేసు కట్టినట్టు కనపడేది చాలాసార్లు అలంకారమే, అసలు తెరుచుకునేది వెనక. ఒకదాని మీద ఒకటి వేసుకుని పైది లాగెయ్యడం ఇంకో పద్ధతి. చీకట్లో ఇద్దరు ముగ్గురు సహాయకులు ఎవరు జిప్పు, ఎవరు బూటు, ఎవరు మైకు అని ముందే పంచుకుంటారు. ఆ సెకన్లలో జిప్పు పళ్ళు తప్పుకుంటే వచ్చే టెన్షన్ ఊహించుకోవచ్చు.

ఇంతకీ దీన్నంతా చేసేది ఎవరు? ఇక్కడే పేర్ల చిక్కు మొదలవుతుంది. స్టైలిస్ట్ మొత్తం రూపాన్ని ఊహించి, ఎవరిచేత ఏది చేయించాలో నిర్ణయిస్తారు. డిజైనరో, ఫ్యాషన్ కంపెనీయో బొమ్మ గీసి పేరు పెడతారు. కొలతలకి గుడ్డ కోసే కటింగ్ మాస్టర్ వేరు, కుట్టేవాళ్ళు వేరు. రాళ్ళు, పూసలు పొదిగేవాళ్ళు ఇంకో ఊళ్ళో, తరచుగా ఇంకో దేశంలో ఉంటారు. టూర్ వెంట తిరుగుతూ రోజూ రిపేరు చేసే వార్డ్‌రోబ్ వాళ్ళు వేరే. పత్రికల దాకా వచ్చేది మొదటి రెండు పేర్లే.

ఆ ఇంకో దేశం చాలాసార్లు మనదే. స్విఫ్ట్ టూర్‌లో చమ్కీల టీషర్టు చేసిన ఆశిష్ గుప్తా ఢిల్లీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ డిజైనర్. తన బట్టల మీది చమ్కీ పనిని ఆయన భారతదేశంలో చేతితో చేయిస్తారు. యూరప్ ఫ్యాషన్ కంపెనీల ఎంబ్రాయిడరీ ముంబై, ఢిల్లీ, కోల్‌కతా కార్ఖానాల్లో జరగడం దశాబ్దాలుగా ఉన్నదే. పెళ్ళి జాకెట్టుకి మగ్గం వర్క్ చేయించుకున్న ప్రతి ఇంటికీ ఆ పని ఎలా ఉంటుందో తెలుసు. చట్రానికి గుడ్డ బిగించి, ఆరి సూది కొక్కెంతో దారాన్ని గొలుసు గొలుసుగా లాగుతూ పూసలు ఎక్కిస్తారు. యూరప్‌లో టాంబూర్ అని పిలిచే ఈ కొక్కెం కుట్టు 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచే అక్కడికి చేరింది. ఫ్రాన్స్‌లోని లూనవిల్‌లో దీన్ని తిరగేసి చేస్తారు, పనివాళ్ళకి గుడ్డ వెనక వైపు కనపడుతుంది, పూసలు కింది వైపు పడతాయి.

ఈ పనిని సాగే గుడ్డ మీద చెయ్యడం ఎంత కష్టమో మగ్గం పనివాళ్ళు చెబుతారు. చట్రానికి బిగించినప్పుడు గుడ్డ సాగి ఉంటుంది, విప్పగానే ముడుచుకుని కుట్టంతా ముడతలు పడుతుంది. సాగకుండా బిగిస్తే, తర్వాత ఒంటి మీద సాగినప్పుడు దారం తెగుతుంది. గొలుసు కుట్టులో ఒక్క చోట తెగితే వరస మొత్తం ఊడిపోతుంది, పూసలు స్టేజీ మీద దొర్లుతాయి. దొర్లిన పూస మీద డ్యాన్సర్ కాలు పడితే ప్రమాదం. అందుకని ఇలాంటి డ్రెస్సుల్లో చమ్కీలని ఒక్కొక్కటిగా ముడి వేసి కుడతారు, లేదా ఎక్కువ సాగని చోట్లు చూసి అక్కడే బరువు పని పెడతారు. వేడితో అంటుకునే రాళ్ళు తొందరగా అయిపోతాయి కానీ జిగురు ఎండి రాలతాయి. ఎక్కడ కుట్టాలి, ఎక్కడ అంటించాలి అన్న నిర్ణయం కాగితం మీద బొమ్మ గీసినవాళ్ళకంటే చట్రం దగ్గర కూర్చున్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. నా దృష్టిలో అది కూడా డిజైనే.

చట్టం అలా చూడదు. అమెరికాలో బట్ట కోత, ఆకారం కాపీరైట్ కిందికి రావు, ఎందుకంటే బట్ట వాడుకునే వస్తువు. దాని మీద ఉన్న బొమ్మ, గీత, అలంకారం విడిగా ఊహించగలిగేదైతే రక్షణ దొరుకుతుంది. 2017లో చీర్‌లీడర్ల డ్రెస్సుల మీది చారల కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 15 ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయించగలిగీ చేయించని దాన్ని పారిశ్రామికంగా 50 సార్లకి మించి తయారుచేస్తే కాపీరైట్ పోతుంది. ఒకే ఒక్కటి చేసిన స్టేజీ డ్రెస్సుకి ఇది అడ్డం కాదు. అదే నమూనాని బజారు సరుకుగా కుట్టి అమ్మడం మొదలుపెడితే లెక్క మారుతుంది. ఈ రక్షణలన్నీ హక్కు ఎవరిదో తేలుస్తాయి. సూది పట్టినవాళ్ళ పేరు బయట చెప్పాలని ఫ్యాషన్ కంపెనీలని బలవంతపెట్టవు.

పేటెంట్ మాత్రం వేరు. నిజంగా కనిపెట్టినవాళ్ళందరి పేర్లూ అందులో ఉండాలి, కావాలని ఒకరిని వదిలేస్తే పేటెంట్ చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. జాక్సన్ పక్కన బుష్, టాంప్‌కిన్స్ పేర్లు కూడా రికార్డులో ఉన్నాయంటే ఆ నియమానికీ అందులో భాగముంది. ఆ బూటు వేసుకుని ఒరిగినతను ప్రపంచమంతా తెలిసిన మనిషి. అయినా కాగితం మీద ముగ్గురూ సమానంగా కనిపెట్టినవాళ్ళే. ఎంబ్రాయిడరీకి అలాంటి కాగితం లేదు.

డబ్బు చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. మోటౌన్ వేడుకలో జాక్సన్ వేసుకున్న గ్లవ్ 2009 నవంబరులో వేలంలో 3,50,000 డాలర్లు పలికింది, కమీషను దీనికి అదనం. 'థ్రిల్లర్' వీడియోలో వేసుకున్న ఎర్ర తోలు జాకెట్లలో ఒకటి 2011లో 18 లక్షల డాలర్లకి పోయింది. దాన్ని డిజైన్ చేసిన డెబొరా నడూల్మన్ లాండిస్, చీకటి వీధిలో, మాసిన రంగుల్లో ఉన్న దయ్యాల మధ్య జాక్సన్ కంటికి ఆనాలని ఎరుపు ఎంచుకుంది. సన్నటి మనిషికి భుజాలు విశాలంగా కనపడాలని వాలు గీతలు పెట్టింది. ఆ ధరలో ఎక్కువ భాగం జాక్సన్ ఒంటిని తాకినందుకు వచ్చిందే, కాదనను. కానీ వేసుకున్నవాడి పేరు బట్టకి విలువ తెచ్చినట్టే, ఆ బట్టలు అతని రూపాన్ని జనం కళ్ళలో నిలబెట్టాయి. టోపీ, గ్లవ్, తెల్ల సాక్సు గీస్తే ముఖం గియ్యకపోయినా అది ఎవరో చెప్పేస్తారు.

మార్పు అసలే లేదని కాదు. 2023 మార్చి 30న డియోర్ కంపెనీ ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో చేసినప్పుడు, తనకి ఎంబ్రాయిడరీ చేసే ముంబై చాణక్య సంస్థ పేరు బాహాటంగా చెప్పింది. పెద్ద ఫ్యాషన్ కంపెనీ తన పనివాళ్ళ ఊరికి వచ్చి అలా చెప్పడం అరుదు. పాప్ టూర్లు ఇంకా అంతదాకా రాలేదు. స్టేడియం బయట అమ్మే ప్రోగ్రాం పుస్తకాల్లో సంగీతకారులు, డ్యాన్సర్లు, లైటింగ్ వాళ్ళు, సౌండు వాళ్ళ పేర్లు వెయ్యడం మామూలే. డ్రెస్సుల దగ్గర కంపెనీ పేరుతో పాటు ఆ చమ్కీలు కుట్టిన కార్ఖానా పేరు, ఊరు కూడా వెయ్యడానికి రెండు లైన్ల చోటు సరిపోతుంది.